అమ్మకి ఎంఆర్‌ఐ రాశారు, గుండెలో స్టెంట్ ఉంది. తీయించవచ్చా?

గుంటూరు_మిర్చి
మా అమ్మకి 61. నడుం నొప్పి చాన్నాళ్లుగా ఉంది. ఈమధ్య ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు, నాలుగడుగులు వేశాక ఉత్త పాదం చూసుకుని ఆగిపోతోంది. ఎముకల డాక్టరు నడుముకి ఎంఆర్‌ఐ రాశారు. చిక్కేంటంటే 2021లో అమ్మకి గుండెలో స్టెంట్ వేశారు. అంతకుముందు బాత్రూంలో జారిపడితే కుడి తుంటికి రాడ్ కూడా వేశారు. ఇక్కడ ఒక స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే, స్టెంట్ అనగానే కౌంటర్‌లో అమ్మాయి "రిస్క్ మీదేనని సంతకం పెట్టండి" అంది. ఆ రిస్క్ ఏంటో చెప్పే మనిషి లేడు. అమ్మని వెనక్కి తీసుకొచ్చేశాను.

ఇంకో రెండు సమస్యలున్నాయి. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు, అమ్మ మంగళసూత్రం తీయనంటోంది. పైగా లిఫ్ట్ ఎక్కాలన్నా భయపడే మనిషి, ఆ గొట్టంలాంటి మెషిన్‌లో అరగంట ఎలా పడుకుంటుందో. పెద్దమ్మేమో అందులో రేడియేషన్ ఎక్కువట, గుండె జబ్బు మనిషికి వద్దే వద్దంటోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

నిజాంపేట_నివాసి
రేడియేషన్ సంగతి ముందు మర్చిపోండి. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలు ఉండవు, ఆ భయం సీటీ స్కాన్‌కి సంబంధించింది. మా నాన్నగారికి రెండు స్టెంట్లున్నాయి. మెడకి ఎంఆర్‌ఐ తీయించాం, ఏ ఇబ్బందీ రాలేదు.

గోదారి_గట్టు
అందరికీ అలా కుదరదు నిజాంపేట గారూ. మా మేనమామకి గుండెలో మెషిన్ ఉందని రాజమండ్రిలో తిప్పి పంపేశారు. గుండె పేషెంట్లకి ఎంఆర్‌ఐ చేయరనే మేం విన్నాం. మనవాళ్లకి ఏం కాలేదని ఇంకొకళ్లకి ధైర్యం చెప్పడం మంచిది కాదు.

స్కాన్‌రూమ్_సాక్షి
ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గోదారి గారు చెప్పిందీ నిజమే, నిజాంపేట గారు చెప్పిందీ నిజమే. ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి చెబుతున్నారు.

స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టే చిన్న లోహపు జాలీ. అందులో బ్యాటరీ లేదు, వైరు లేదు. ఇప్పుడు వాడుతున్న గుండె స్టెంట్లతో 1.5 టెస్లా, 3 టెస్లా (టెస్లా అంటే ఎంఆర్‌ఐలోని అయస్కాంతం బలానికి కొలత) యంత్రాల్లో స్కాన్ చేయవచ్చు. వేసిన వెంటనే అవసరమైనా చేయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే చెప్పింది. ఆరు వారాలు ఆగాలి, ఆరు నెలలు ఆగాలి అని ఇప్పటికీ కొందరు అంటారు, అది పాత మాట.

గోదారి గారూ, మీ మేనమామ గారికి ఉన్నది పేస్‌మేకర్, అంటే గుండె సరిగా కొట్టుకునేలా చూసే మెషిన్ అయి ఉంటుంది. దాని కథ వేరు. అందులో బ్యాటరీ, సర్క్యూట్, గుండె లోపలి దాకా వెళ్లే తీగలు ఉంటాయి. అయస్కాంతం దగ్గర దాని పనితీరు మారిపోవచ్చు, తీగ కొస దగ్గర వేడి పుట్టవచ్చు. అందుకే వెనక్కి పంపారు. అది కూడా శాశ్వతంగా కుదరదని కాదు. షరతులతో ఎంఆర్‌ఐకి పనికొచ్చే పేస్‌మేకర్‌కి 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన దగ్గరా ఇప్పుడు అలాంటివి వేస్తున్నారు. మెషిన్ మోడల్, తీగల మోడల్ రెండూ సరిపోవాలి. స్కాన్‌కి ముందు దాన్ని ఎంఆర్‌ఐ మోడ్‌లో పెట్టి, అయ్యాక మళ్లీ మామూలుగా మార్చే మనిషి ఉండాలి. ఈ ఏర్పాటు లేని సెంటర్ తిప్పి పంపితే వాళ్ల తప్పేం లేదు.

మిర్చి గారూ, మీరు చేయాల్సింది కాగితాలు వెతకడం. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, ఇంప్లాంట్ కార్డు, తుంటి ఆపరేషన్ కాగితం మూడూ పట్టుకెళ్లండి. సాధారణంగా సమ్మరీలోనే స్టెంట్ కంపెనీ, సైజు స్టిక్కర్ అతికించి ఉంటుంది. కౌంటర్‌లో వాదించకండి. "టెక్నీషియన్‌తో గానీ రేడియాలజిస్టుతో గానీ మాట్లాడాలి" అని అడగండి. తుంటి రాడ్ ఎముకలో బిగిసి ఉంటుంది కాబట్టి సాధారణంగా సమస్య రాదు. దాని చుట్టూ ఫొటో నల్లగా పాడవుతుంది, నడుం మాత్రం బాగానే కనబడుతుంది.

గోదారి_గట్టు
ఇది మాకు ఎవరూ ఇలా విడమర్చి చెప్పలేదండీ. మామయ్య కాగితాలు అత్తయ్య దగ్గర ఉండాలి, కనుక్కుంటాను.

రిటైర్డ్_మాస్టారు
ఫిజిక్స్ చెప్పిన అలవాటు కొద్దీ రెండు మాటలు. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. మన ఒంట్లో నీరు, కొవ్వు ఉన్నాయి కదా, వాటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఆ బలానికి ఒక వరసలోకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలిస్తారు, తిరిగి సర్దుకునేటప్పుడు అవి ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని బొమ్మ గీస్తారు. శరీరంలో నీరున్న మెత్తని భాగాలు, అంటే డిస్కు, నరం, మెదడు ఇందులో అంత స్పష్టంగా కనబడటానికి కారణం అదే. 2003లో లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు నోబెల్ వచ్చింది ఈ పనికే.

అందరూ గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ అయస్కాంతానికి స్విచ్ ఆఫ్ ఉండదు. లోపలి తీగచుట్టలు ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఒకసారి కరెంటు ఎక్కిస్తే అలా తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ జరగకపోయినా, గదిలో లైట్లు ఆర్పేసినా, ఊరంతా కరెంటు పోయినా అది లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో పేషెంటు బంధువు ఒకాయన ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి చనిపోయాడు. స్కాన్ అతనికి కాదు, సాయంగా వెళ్లినవాడు. ముప్పై రెండేళ్లు. అందుకే పేషెంటుని అడిగే ప్రశ్నలన్నీ తోడు వెళ్లేవాళ్లని కూడా అడగాలి.

ఇక మంగళసూత్రం విషయం. బంగారాన్ని అయస్కాంతం లాగదు. ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకు, ఉండనిస్తే ఏం?

నిజాంపేట_నివాసి
2025 జులైలో అమెరికాలో కూడా అయింది మాస్టారూ, న్యూయార్క్ దగ్గర. భార్యకి స్కాన్ అయ్యాక లేపడానికి సాయం కోసం పిలిస్తే భర్త లోపలికి వెళ్లాడు. మెడలో వ్యాయామానికి వేసుకునే బరువైన గొలుసు ఉంది, తొమ్మిది కిలోలట. లాగేసింది. మర్నాడు చనిపోయాడు.

వరంగల్_పిల్ల
చదువుతుంటేనే భయమైతుంది. మంగళసూత్రం సంగతి నేను చెప్తా. మా అమ్మ కూడా ససేమిరా అన్నది. మా నానమ్మ పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి, అది మెడలో వేసినంక పుస్తెలు తీయించింది. మెడ ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేదు, అమ్మకు తృప్తి. తాళి బాపు జేబులో పెట్టుకుని బయట కూర్చున్నడు. స్కాన్ అయినంక ఆయన చేతనే మళ్లీ వేయించినం. అక్కడున్న ఆయమ్మలు కూడా ఇదే చెప్పిన్రు, చాలామంది అట్లనే వస్తరంట. ఇంట్లనే కట్టుకుని పోతే అక్కడ హడావిడి ఉండదు.

కడప_కారం
అబ్బ, ఇది బాగుందక్కా. మా అత్తకి కూడా చెప్తాను.

స్కాన్‌రూమ్_సాక్షి
మాస్టారూ, బంగారాన్ని లాగదన్నది నిజమే. కానీ మా దగ్గరికొచ్చేది ఒట్టి బంగారం కాదు. నల్లపూసల తీగ ఏంటో తెలియదు, గొలుసు కొక్కెం లోపల ఉక్కు స్ప్రింగ్ ఉంటుంది, సూత్రాలకి పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒక తాళికి గుత్తిగా నాలుగైదు పిన్నీసులు చూశాను నేను, అమ్మలకి అదే అల్మారా. ఆ పిన్నీసు ఎగిరి కంట్లో పడితే ఏం చేస్తాం?

లాగకపోయినా రెండు నష్టాలున్నాయి. లోహం ఉన్నచోట బొమ్మ చెదిరిపోతుంది. మెడ, ఛాతీ స్కాన్ అయితే మొత్తం వృథా. రెండోది వేడి. రేడియో తరంగాల వల్ల గొలుసులాంటి లోహపు చుట్టలో కరెంటు పుట్టి కాలుతుంది. మనిషి ఒళ్లు కూడా అలాంటి చుట్టే కట్టగలదు. చేతులు రెండూ కలిపి పొట్ట మీద పెట్టుకున్నా, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకున్నా చర్మం తగిలిన చోట కాలిన సందర్భాలున్నాయి. అందుకే చేతులు విడిగా పెట్టి, మధ్యలో మెత్తలు పెడతాం. చాదస్తం అనుకుని ఆ మెత్తలు తీసేయకండి.

మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడు, తాయెత్తు, చేతి కడియం, జడపిన్నులు, హుక్కులున్న లోదుస్తులు, వినికిడి మిషను, తీసిపెట్టే పళ్లసెట్టు అన్నీ బయటే. కాటుక, మస్కారాలో ఐరన్ ఆక్సైడ్ ఉండవచ్చు, తలకి స్కాన్ అయితే కడుక్కుని రావాలి. గోరింటాకుతో ఏ ఇబ్బందీ లేదు. ఏళ్ల తరబడి వేలికి దిగిపోయి రాని మెట్టెలుంటే దాచకుండా చెప్పండి. ఏ భాగం స్కాన్, అది దేనితో చేసింది చూసి మేమే నిర్ణయిస్తాం. ఫోను, ఏటీఎం కార్డు, కారు తాళం లాకర్‌లో పెట్టండి, కార్డు మీది గీత చెడిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు
పిన్నీసుల ఆలోచన నాకు తట్టలేదు బాబూ. ఒప్పుకుంటున్నాను.

విశాఖ_వెల్డర్
ఆడవాళ్ల నగలు అడిగినంత గట్టిగా మా బోటి వాళ్లని ఎవరూ అడగరు. వెల్డింగు, గ్రైండింగు చేసేవాళ్లకి కంట్లో ఇనప రజను పడుతూనే ఉంటుంది. పడ్డది వచ్చేసిందనుకుంటాం, ఒక్కోసారి లోపలే ఉండిపోతుంది. నాకు మోకాలికి ఎంఆర్‌ఐ రాసినప్పుడు ఫారంలో "కంట్లో ఎప్పుడైనా లోహం పడిందా" అని ఉంది. అవునని రాశాను. ముందు కళ్లకి ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదని తేలాకే లోపలికి పంపారు. మోకాలికి తీసేదానికి కంటితో పనేంటని నాతో వచ్చిన తమ్ముడు గొడవ పెట్టుకోబోయాడు. మోకాలికే అయినా మనిషి మొత్తం ఆ గదిలోనే కదా ఉండేది.

స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, లేతు పని చేసేవాళ్లు ఎవరైనా సరే, అడక్కపోయినా చెప్పండి. చిన్నప్పుడు కంట్లో ఏదో గుచ్చుకుందని గుర్తున్నా చెప్పండి.

స్కాన్‌రూమ్_సాక్షి
వెల్డర్ అన్నకి దండం. ఆ ఎక్స్‌రే ఎందుకంటే కంట్లో ఉన్న రజను ఆ బలానికి కదిలితే చూపు పోవచ్చు. మెదడులో రక్తనాళానికి వేసిన పాత క్లిప్పులు, వినికిడి కోసం చెవి లోపల అమర్చిన కాక్లియర్ ఇంప్లాంటు, ఒంట్లో ఉండిపోయిన తూటా ముక్కలు కూడా ఇదే జాబితాలోవి. ఫారం నింపేది మీరే కాబట్టి దాచినా మాకు తెలియదు. గర్భం ఉంటే రాయండి, కాపర్ టీ ఉంటే రాయండి. కాపర్ టీ ఉన్నా స్కాన్ చేయవచ్చు, మాకు తెలిస్తే చాలు.

కడప_కారం
ఒక మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అసలు నడుం నొప్పికి ఎంఆర్‌ఐ ఎందుకు? మా ఊళ్లో నడుం పట్టేసిందని పోతే చాలు, ముందు స్కాన్ రాస్తున్నారు. రిపోర్టులో డిస్క్ బల్జ్ అని, అంటే వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బిందని ఉంటుంది. అది చదివి మా బాబాయి మంచం దిగడం మానేశాడు, పొలం కౌలుకిచ్చేశాడు. స్కాన్ తీయకముందు అదే నడుంతో బస్తాలు మోసేవాడు. మిర్చి గారూ, తొందరపడకండి.

డాలస్_బావ
కడప గారితో ఏకీభవిస్తా. ఇక్కడ మామూలు నడుం నొప్పికి వెంటనే ఎంఆర్‌ఐ అంటే ఇన్సూరెన్స్ వాళ్లే ఒప్పుకోరు. ముందు ఫిజియోథెరపీ చేయించుకోమంటారు. ఆ పద్ధతి మీద చిరాకు పడ్డాను గానీ నాకైతే నొప్పి దానంతట అదే తగ్గింది.

తెల్లకోటు
ఎముకల విభాగంలో పనిచేస్తాను. కడప గారి మాటలో సగం పూర్తిగా నిజం. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, నడుం నొప్పి ఏమాత్రం లేనివాళ్ల స్కాన్లు 3,000కి పైగా చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే సుమారు 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. ఎనభై ఏళ్లకి అది 84 శాతం. డిస్కు అరుగుదల అయితే ఎనభై ఏళ్లకి 96 శాతం మందిలో ఉంది. వీళ్లెవరికీ నొప్పి లేదు! జుట్టు నెరిసినట్టే డిస్కు కూడా వయసుతో మారుతుంది. మీ బాబాయి గారిని మంచాన పడేసింది ఆ పదం, ఆ పదాన్ని ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పకపోవడం. ఆయన్ని మళ్లీ నడిపించండి, దయచేసి.

కొత్తగా వచ్చిన మామూలు నడుం నొప్పికి మొదటి ఆరు వారాలు స్కాన్ అక్కర్లేదనేదే మేం పాటించాల్సిన పద్ధతి. కానీ మిగతా సగం వినండి. మిర్చి గారి అమ్మగారికి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. అంటే నరం నొక్కుకుంటోందేమో చూడాలి. ఇది "ఆగి చూద్దాం" అనే కేసు కాదు, డాక్టరు సరిగానే రాశారు. పాదం పైకెత్తలేకపోవడం, కాలు బలహీనపడటం, జ్వరంతో నడుం నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం ఇవన్నీ త్వరగా స్కాన్ చేయాల్సిన గుర్తులు. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా ఫోరంలో అడుగుతూ కూర్చోకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

కడప_కారం
డాక్టరు గారూ, నమస్కారం. బాబాయికి ఈ పోస్టు చదివి వినిపిస్తాను. మిర్చి గారూ, నేను ఆగమన్నది వెనక్కి తీసుకుంటున్నా, వెళ్లండి.

గుంటూరు_మిర్చి
అమ్మ కాగితాలు దొరికాయి, సమ్మరీలో స్టెంట్ స్టిక్కర్ ఉంది. పసుపుకొమ్ము మాటకి అమ్మ వెంటనే ఒప్పుకుంది, వరంగల్ చెల్లెమ్మకి చాలా థాంక్స్. ఇప్పుడు ఆ గొట్టం భయం ఒక్కటి మిగిలింది. ఓపెన్ ఎంఆర్‌ఐ అని ఉంటుందట కదా?

డాలస్_బావ
నాకూ మూసేసిన చోటు అంటే ఊపిరాడదు. నాకు పనికొచ్చినవి చెప్తా. లోపలికి వెళ్లకముందే కళ్ల మీద చిన్న తువ్వాలు వేయమన్నాను. కళ్లు తెరవాలనిపించినా గోడ కనబడదు. లోపలికి పోయాక చూసి భయపడి అప్పుడు మూసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. చేతిలో రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే ఆపి బయటికి లాగుతారు. ఒకసారి ఉత్తినే నొక్కి చూపించమనండి, అది పనిచేస్తుందని కళ్లారా చూస్తే సగం భయం పోతుంది.

ఇంకోటి, లోహపు దారాలు కలిపిన స్పోర్ట్స్ టీషర్టులు ఉంటాయి, చెమట వాసన రాకుండా వెండి కలుపుతారు. నన్ను అది విప్పించి గౌను వేయించారు. మామూలు బట్టలే కదా అనుకోవద్దు.

స్కాన్‌రూమ్_సాక్షి
ఓపెన్ మెషిన్ల అయస్కాంత శక్తి సాధారణంగా తక్కువ, స్పష్టత కూడా తగ్గుతుంది. నరం చూడాలంటే మామూలు మెషినే మేలు. వెడల్పు గొట్టం ఉన్న మెషిన్ ఎక్కడుందో ఫోన్ చేసి అడగండి. పాతవాటి లోపలి వెడల్పు 60 సెంటీమీటర్లు, కొత్తవి 70. ఆ పది సెంటీమీటర్లు లావుగా ఉన్నవాళ్లకీ, భయపడేవాళ్లకీ చాలా తేడా చూపిస్తాయి. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల లైటు, గాలి ఉంటాయి. నడుం స్కాన్‌కి కాళ్ల వైపు నుంచి పంపే వీలు కొన్ని మెషిన్లలో ఉంది, అది అడగండి. అయినా కుదరకపోతే డాక్టరుని ముందే అడిగి చిన్న మాత్ర రాయించుకోవచ్చు. గుండె మందులు వాడుతున్నారు కాబట్టి సొంతంగా మాత్రం వేయకండి.

మోత గురించి అమ్మగారికి ముందే చెప్పండి. చెప్పకుండా పంపితే మెషిన్ చెడిపోయిందని బెదిరిపోతారు. లోపలి గ్రేడియంట్ తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణానికి మారుతుంటే అవి అదిరి ఆ టకటక శబ్దం వస్తుంది. 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవి బిరడాలు గానీ హెడ్‌ఫోన్ గానీ లేకుండా ఎవర్నీ పంపకూడదు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

నడుముకి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. అది ఒకే స్కాన్ కాదు, మూడు నాలుగు నిమిషాల చొప్పున కొన్ని విడతలు. ఒక విడతలో ఎక్కడ కదిలినా ఆ విడత బొమ్మలన్నీ మసకేస్తాయి, మళ్లీ మొదట్నుంచి తీయాలి. మోత ఆగినప్పుడు కూడా కదలకూడదు, దగ్గాలనిపిస్తే ఆ విరామంలో మెల్లగా దగ్గవచ్చు. నొప్పితో వెల్లకిలా పడుకోలేని వాళ్లకి మోకాళ్ల కింద దిండు పెడతాం. లోపలికి పోయేముందు బాత్రూంకి వెళ్లి రమ్మనండి. ఒళ్లు కాస్త వెచ్చబడటం మామూలే. ఎక్కడైనా చురుక్కుమని కాలితే ఓర్చుకోవద్దు, బంతి నొక్కేయాలి.

కవలల_అమ్మ
మా బాబుకి మూడేళ్లప్పుడు ఫిట్స్ వస్తే మెదడుకి తీశారు. ఆ వయసువాళ్లు కదలకుండా ఉండరు కదా, మత్తు ఇచ్చి తీశారు. మత్తుకి ముందు ఎన్ని గంటలు ఏమీ పెట్టకూడదో మత్తు డాక్టరు రాసి ఇచ్చారు. వాడు ఏడుస్తున్నాడని మా అత్తగారు కొంగు చాటున బిస్కెట్ పెట్టబోతే చేయి పట్టుకుని ఆపాను. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ప్రాణం మీదకి వస్తుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఇంట్లో పెద్దలకి ఈ ముక్క గట్టిగా చెప్పి బయల్దేరండి. నెలల పిల్లలైతే పాలు పట్టి గుడ్డలో చుట్టి నిద్రలోనే తీస్తారని అక్కడ చెప్పారు.

మంగళగిరి_మగ్గం
ఇంజెక్షన్ ఇస్తారు కదా, దాని గురించి ఎవరూ చెప్పలేదు. మా నాయనమ్మకి కిడ్నీలు పాడయ్యాయి, క్రియాటినిన్ అని కిడ్నీలకి రక్తపరీక్ష చేయించుకుని రమ్మని తిప్పి పంపారు. డబ్బులు గుంజడానికే అనుకున్నాం ఇంట్లో అందరం. నిజంగా అవసరమా?

తెల్లకోటు
అవసరం. అది డబ్బు కోసం కాదు. ఎంఆర్‌ఐలో బొమ్మ ఇంకా స్పష్టంగా రావడానికి ఎక్కించే మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే అందులో చాలావరకు ఒక రోజులో మూత్రంలో పోతుంది. కిడ్నీ పనితీరు చెప్పే అంకె (ఈజీఎఫ్‌ఆర్) 30 కంటే తగ్గినవాళ్లలో పాతరకం మందులతో చర్మం, కీళ్లు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. ఈ సంబంధాన్ని 2006లో పట్టుకున్నారు. ఇప్పటి మందులతో అది చాలా అరుదు, అయినా పనితీరు చూసుకుని ఏ మందు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు స్కాన్ టైమ్‌ని డయాలసిస్ టైమ్‌తో కలిపి పెట్టించుకోవాలి.

ఇది సీటీలో వాడే అయోడిన్ మందు కాదు. సీటీలో దద్దుర్లు వచ్చినవాళ్లు ఆ సంగతి చెప్పండి, కానీ రెండూ ఒకటే అనుకుని ఎంఆర్‌ఐ మానేయకండి. గర్భిణులకు ఇంజెక్షన్ లేకుండా ఎంఆర్‌ఐ చేయవచ్చు, గాడోలినియం మాత్రం తప్పనిసరైతే తప్ప ఇవ్వం. పాలిచ్చే తల్లులు ఇంజెక్షన్ తర్వాత పాలు ఆపక్కర్లేదు.

అందరికీ ఇంజెక్షన్ ఉండదు. డిస్కు కోసం తీసే నడుం స్కాన్‌కి మామూలుగా అక్కర్లేదు. గడ్డ, ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు, నడుముకి ఇదివరకే ఆపరేషన్ అయినప్పుడు ఇస్తాం. మీ చీటీలో కాంట్రాస్ట్ (అంటే ఈ ఇంజెక్షన్) అని రాసి ఉందో లేదో చూసుకోండి.

మంగళగిరి_మగ్గం
ఇంత ఉందని తెలియదండీ. రేపే పరీక్ష చేయిస్తాం.

నిజాంపేట_నివాసి
ఖర్చు సంగతి కూడా కలుపుతా. రేటు సెంటర్‌కీ సెంటర్‌కీ బాగా తేడా, నాలుగు చోట్ల ఫోన్ చేయండి. అడిగేటప్పుడు మెషిన్ ఎన్ని టెస్లా, రిపోర్టు రాసేది ఎవరు, సీడీ ఇస్తారా అన్నవి కూడా అడగండి. ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్కువ భాగం బయట తీయించుకున్న స్కాన్‌కి విడిగా డబ్బివ్వవు. కానీ అదే జబ్బుకి తర్వాత ఆసుపత్రిలో చేరితే, చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు చాలా పాలసీల్లో వస్తుంది. బిల్లు, డాక్టరు చీటీ పారేయకండి. స్తోమత లేనివాళ్లకి నిమ్స్, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రులు ఉండనే ఉన్నాయి.

గుంటూరు_మిర్చి
స్కాన్ అయిపోయింది. వేరే సెంటర్‌కి వెళ్లాం. టెక్నీషియన్ బయటికొచ్చి స్టెంట్ కాగితం ఫొటో తీసుకుని, రేడియాలజిస్టుకి చూపించి, పది నిమిషాల్లో సరే అన్నారు. నేను కూడా లోపలికి వస్తానంటే నా జేబులు, బెల్టు, మొలతాడు అన్నీ చూశారు. అమ్మ పాదాల దగ్గర నిలబడి బొటనవేలు పట్టుకున్నాను. కళ్ల మీద తువ్వాలు ముందే వేశాం. మధ్యలో ఒకసారి బంతి నొక్కింది. ఆపి మాట్లాడారు, మంచినీళ్లు కావాలంది, తాగి మళ్లీ పడుకుంది.

రిపోర్టులో ఎల్4-ఎల్5 (నడుం నాలుగో, ఐదో పూసల మధ్య) దగ్గర డిస్కు నరాన్ని నొక్కుతోందని ఉంది. ఇంకా చాలా పదాలున్నాయి, నెట్‌లో వెతకబోయి ఆగాను. డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి సీడీ తానే చూశారు. అమ్మని మడమల మీద, వేళ్ల మీద నడిపించారు. బలం తగ్గలేదు కాబట్టి మందులు, వ్యాయామాలు మొదలుపెడదాం, పాదం పైకి లేవకపోతే మాత్రం వెంటనే రమ్మన్నారు.

తెల్లకోటు
మంచి డాక్టరు దొరికారు. బొమ్మ, మనిషి రెండూ చూసి కలిపి చెప్పాలి. ఆ సీడీ జాగ్రత్తగా దాచండి, ఫిల్ము కంటే అదే ముఖ్యం. ఫిల్ము మీద కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి. తర్వాత ఎప్పుడు స్కాన్ తీసినా పాతదాంతో పోల్చాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటు లేదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

వరంగల్_పిల్ల
అమ్మ మంచిగుంది, సంతోషం. మంగళసూత్రం ఎవరు వేసిన్రు మళ్ల?

గుంటూరు_మిర్చి
నాన్నే. కారిడార్‌లో అందరి ముందూ వేశారు. అమ్మకి నవ్వాగలేదు.

గోదారి_గట్టు
మామయ్య కార్డు దొరికింది. 2019లో వేసిన పేస్‌మేకర్, కార్డు మీద ఎంఆర్‌ఐ గుర్తు ఉంది. కాకినాడలో గుండె డాక్టరుకి చూపిస్తే తీగలు కూడా సరిపోయే రకమేనన్నారు. విశాఖలో ఒక ఆసుపత్రిలో పేస్‌మేకర్ కంపెనీ మనిషి ఉండే రోజు చూసి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. సాక్షి గారూ, ఇంకేమైనా తీసుకెళ్లాలా?

స్కాన్‌రూమ్_సాక్షి
కార్డు ఒరిజినల్, ఈమధ్య పేస్‌మేకర్ చెక్ చేసిన కాగితం, ఛాతీ ఎక్స్‌రే ఉంటే అదీ. పాత తీగ ఏదైనా వాడకుండా లోపల వదిలేశారేమో గుండె డాక్టరుని ఒక్క మాట అడగండి, ఉంటే లెక్క మారుతుంది. స్కాన్ అయ్యాక మెషిన్‌ని మళ్లీ మామూలు మోడ్‌లోకి మార్చి, చెక్ చేసిన కాగితం చేతికిచ్చేదాకా అక్కడ్నుంచి కదలకండి.